గుల్లసున్నపు తేట

మొన్న మా ఊరికి, తమ్ముడింటికి పోయినప్పుడు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కొత్తగా ఏదో యంత్రం బిగిస్తున్నారు. మనిషి ఎత్తున, నీలం రంగులో, నిలువుగా ఉంది. తమ్ముడి కూతురు సౌజన్య పట్టుబట్టి తెప్పించింది. బోరు నీళ్లకు జుట్టు పీచయిపోతోందనీ, కుళాయిలు తెల్లగా పూడుకుపోతున్నాయనీ, గీజరు ఏడాది తిరక్కుండానే పాడవుతోందనీ దాని గోల. నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్కు పనంతా ముగించి, చేతులు తుడుచుకుని, ఒక బస్తా ఉప్పు కావాలన్నాడు. అప్పుడు సౌజన్య మొహం చూడాలి. "ఉప్పునీళ్లు బాగు చెయ్యమని పిలిస్తే ఈయనేంది అత్తా, ఇంకా ఉప్పు పొయ్యమంటాడు" అని నా వైపు తిరిగింది. నాకు నవ్వు ఆగక మెట్ల మీద కూలబడ్డాను. అతను ఓపిక గల మనిషి. గొట్టం లోపలుండే సన్నటి గింజలు నీళ్లలోని సున్నాన్ని పట్టుకుంటాయనీ, పట్టుకుని పట్టుకుని నిండిపోయాక గట్టి ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ ఖాళీ అవుతాయనీ, ఆ కడుగు బయటికి పోతుందే తప్ప మన కుళాయిలోకి రాదనీ విడమరిచి చెప్పాడు. అతని నోట సున్నం అనే మాట వినగానే నా నవ్వు ఆగిపోయింది. మా ఇంటి నీళ్లకు ఆ పేరు మొదట పెట్టిన మనిషి గుర్తొచ్చింది.

తోటపల్లి గూడూరు అవతల, సముద్రపు పక్కనున్న మా ఊళ్లలో నీళ్లు రెండే రకాలు. మంచినీళ్లు, ఉప్పునీళ్లు. తాగడానికీ వండుకోడానికీ పనికొస్తే మంచినీళ్లు. పనికిరాకపోతే, ఎందుకు పనికిరాలేదన్న విచారణేమీ లేకుండా, ఉప్పునీళ్లు. కొడవలూరు వైపు కాలవ నీళ్లు తాగే మా మేనమామలు మా ఇంటికొచ్చి గ్లాసు ముట్టుకోడానికి ముందే మొహం చిట్లించేవాళ్లు. మాకు పౌరుషం వచ్చేది గానీ, ఆ నీళ్లలో నిజంగా ఉప్పుందా అని నాలుక మీద వేసుకుని చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఉప్పని తేల్చుకున్నాక ఇక చేసేదేముంది? ఉప్పును నీళ్లలోంచి ఎవరు తీస్తారు? ఆ ఒక్క మాట పట్టుకుని మా ఇంటిల్లిపాదీ చేతులు ముడుచుకుని కూర్చున్నందుకు నా చదువు పదో తరగతిలోనే గంగలో కలిసి ఉండేది.

మా చిన్నప్పుడు మంచినీళ్లంటే చెలమ నీళ్లే. ఊరి బయట తాళ్లతోపు దాటితే ఇసక దిబ్బలు. అక్కడ మోకాటి లోతు తవ్వితే నీళ్లూరేవి. ఎవరి చెలమ వాళ్లది. రాత్రి గాలికి ఇసక పడి పూడిపోయేది కాబట్టి రోజూ పొద్దున్నే మళ్లీ తోడుకోవాలి. అమ్మ గొంతుక్కూర్చుని, కొబ్బరి చిప్పతో నీళ్లు కలక బారకుండా తీసి బిందెలోకి పోసేది. బిందె నిండడానికి ఎంతసేపు పట్టేదంటే, పక్క చెలమ దగ్గరున్న వాళ్లతో పుట్టింటి సంగతులన్నీ అయిపోయేవి. ఆ నీళ్లకు తడి ఇసక వాసన, కొంచెం తాటాకు వాసన ఉండేవి. తలమీద ఒక బిందె, చంకలో ఒక బిందె, రోజుకు మూడు తడవలు. నా మటుకు నాకు అమ్మ అంటే పొద్దుటి పూట కుడిభుజం తడిసిన మనిషే. అలా ఎన్నేళ్లు మోసిందో, ఒక వానాకాలం నడుం పట్టేసి మంచం దిగలేకపోయింది. నెల్లూరు డాక్టరు పరీక్ష చేసి, ఇక జన్మలో ఈమె బరువెత్తగూడదని నాయనకు గట్టిగా చెప్పాడు.

మా నాయన మాట తక్కువ మనిషి. డాక్టరు చెప్పింది విని ఇంటికొచ్చి, ఎవరితోనూ సంప్రదించకుండా పెరట్లో బోరింగు వేయించాడు. బోరింగంటే చేతిపంపు. మా వీధిలో అదే మొదటిది. పచ్చ రంగు వేసిన ఆ పిడి కొట్టగానే దబదబా నీళ్లు దూకితే ఊరంతా చూడ్డానికొచ్చింది. అమ్మ మంచం మీంచే కిటికీలోంచి చూసి కొంగుతో కళ్లొత్తుకుంది. నాయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. మూడో రోజుకే ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. కారణం పప్పు. కందిపప్పు పొయ్యి మీద పెడితే, ఒక మోపు పుల్లలు కాలి బూడిదైనా గింజకు గింజ అంటలేదు. మా అవ్వ, అంటే నాయన తల్లి, పప్పుగుత్తితో ఎనిపి ఎనిపి చెయ్యి నొప్పెట్టి, ఆ గుత్తినే పెరట్లోకి విసిరికొట్టింది. మా ఇంట్లో పప్పు లేని పూట లేదు. మామిడికాయ పప్పో గోంగూర పప్పో మెత్తగా ఉడికి, పైన నెయ్యి తేలితేనే అవ్వకు అది అన్నం. ఇక సబ్బు సంగతి చెప్పక్కర్లేదు. నురగ రాకపోగా విరిగి తెల్లటి తెట్టె కట్టి బట్టలకు అంటుకునేది. కుంకుడు రసం కూడా ఓడిపోయింది. నీళ్లు కాచే రాగి కాగు లోపల తెల్లటి పెచ్చు గట్టింది.

ఉప్పునీళ్లు పడ్డాయంట అని ఊరంతా అనుకుంది. అయ్యో అన్నవాళ్లు కొందరు, లోలోపల మురిసిపోయిన వాళ్లు కొందరు. నాయన మాత్రం ఒప్పుకోలేదు. కంచంలో రాళ్లలాంటి పప్పు పెడితే ఒక్క మాటనకుండా నమిలి మింగేవాడు. అవ్వ ఊరుకునే మనిషా? ఆవిడ నోటికి భయపడే మా ఇంటి మీద కాకులు వాలేవి కావు. "ఎనుముల కొట్టం పక్కన వెయ్యరా అంటే జామచెట్టు కింద వేయించినావు, అనుభవించు" అని పూటపూటా దెప్పేది. నిజానికి కొట్టం పక్కన వేసినా అవే నీళ్లు పడేవని ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు జామచెట్టు మీద నాక్కూడా కోపం ఉండేది. ఈ దెప్పుళ్లు పడలేక ఒకరోజు అమ్మ ఎవరికీ చెప్పకుండా బిందె తీసుకుని చెలమకు పోయింది. నిండు బిందె ఎత్తుకోబోయి అక్కడే ఇసకలో పడిపోయింది. నలుగురు ఆడవాళ్లు మంచం మీద వేసుకుని మోసుకొచ్చారు.

నన్ను బడి మానమని ఎవరూ చెప్పలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ. చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. మర్నాడు పొద్దున అవ్వ నా చేతికి బిందె ఇచ్చింది, నేను తీసుకున్నాను. ఒక తడవకే బడి గంట దాటిపోయింది. రెండో రోజూ అంతే. వారం తిరిగేసరికి నేను బడికి పోయే పిల్లనన్న సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయినట్టుగా ఉన్నారు. పుస్తకాల సంచి గూట్లో దుమ్ము పట్టింది. చెలమ దగ్గర కూర్చుని చిప్పతో నీళ్లు తోడుతూ ఏడ్చేదాన్ని. నాయన మీద కోపం, బోరింగు మీద కోపం, మంచం మీదున్న అమ్మ మీద కూడా కోపం. అమ్మ మీద కోపం వచ్చినందుకు మళ్లీ నా మీద నాకు అసహ్యం. పబ్లిక్ పరీక్షకు ఫీజు కట్టే గడువు దగ్గర పడుతోందని స్నేహితురాలు చెప్పిపోయింది. హెడ్‌మాస్టరు రెండుసార్లు కబురు పెట్టారు. నాయన ఆ కబురు విని, తలొంచుకుని పొలానికి పోయాడు.

అట్లాంటి రోజుల్లో మునెమ్మ వచ్చింది. తడ దగ్గర, పులికాటు ఒడ్డున గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, సున్నం చేసి ఊరూరా అమ్మే మనిషి. తాంబూలంలోకి, గోడలకు వేసుకోడానికి మా వైపు అందరూ ఆ గుల్లసున్నమే వాడేవాళ్లు. రెండు మూడు నెలలకొకసారి గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. మాటలో సగం అరవ యాస. చేతులు సున్నానికి కాలి కాలి, గీతలన్నీ చెరిగిపోయి ఉండేవి. ఆరోజు ఎండలో వచ్చి దాహమడిగింది. చెలమ నీళ్లు అప్పుడే అయిపోయాయి. అవ్వ నొచ్చుకుంటూ బోరింగు నీళ్లే చెంబుతో ఇచ్చి, ఉప్పునీళ్లమ్మా ఏమీ అనుకోవద్దంది. మునెమ్మ ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకుంది. మింగి, ఇంకో గుక్క తాగింది.

"ఉప్పు యాడుండాది పెద్దమ్మా ఇందులో? ఇది సున్నం."

అవ్వకు చర్రున కోపమొచ్చింది. ఊరంతా ఉప్పని చెప్తుంటే సున్నమని చెప్పడానికి ఈమె ఎవరు? మునెమ్మ వాదించలేదు. కాగు దగ్గరికి పోయి లోపలి పెచ్చు గోటితో గీకి, ఒక ముక్క చెంబులో వేసింది. మేమంతా చెంబు చుట్టూ చేరి చూశాం. ఎంతసేపు చూసినా ముక్క ముక్కలాగే ఉంది. ఉప్పయితే కరిగిపోవాల గదా, కరగలేదు చూడండి అంది. తర్వాత నిమ్మకాయ అడిగి తీసుకుని ఆ ముక్క మీద పిండింది. అది బుస్సుమని పొంగింది. మంచం మీద పడుకున్న అమ్మ మోచేతి మీద లేచి చూస్తోంది. తమ బట్టీ దగ్గరి బావి నీళ్లు కూడా ఇట్లాంటివేననీ, సున్నపు తేట పోస్తే నీళ్లలోని సున్నం తెల్లగా అడుక్కి దిగిపోతుందనీ, పైది వంచుకుని వండుకుంటామనీ మునెమ్మ చెప్పింది. సున్నానికి సున్నమే మందా అని అవ్వ వెటకారమాడింది. ఎంత పొయ్యాలని నేనడిగాను. "నీళ్లను బట్టి పాపా. చూసుకుంటా పొయ్యాల" అని, ఒక దోసెడు గుల్లసున్నం ఊరికే పెట్టి, గంప ఎత్తించుకుని పోయింది.

నేను గూట్లోంచి సంచి తీసి, దుమ్ము దులిపి, సైన్సు పుస్తకం తెరిచాను. అందులో కఠిన జలం అని ఒక పాఠం ఉంది. సబ్బుతో నురగనివ్వని నీరు కఠిన జలం. తాత్కాలిక కాఠిన్యాన్ని తడిసున్నం కలిపి తొలగించవచ్చు. ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. పరీక్షలో పదికి పది వేశారు. సమీకరణం కూడా తప్పు లేకుండా రాశాను. అయినా మా పెరట్లో బోరింగు నీళ్లకు సబ్బు విరిగిపోతుంటే, పప్పు ఉడక్కపోతుంటే, ఆ కఠిన జలం ఇదేనని నా మట్టిబుర్రకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం లేకపోలేదు. పుస్తకంలో దాని పేరు కఠిన జలం, ఇంట్లో దాని పేరు ఉప్పునీళ్లు. ఆ రెండూ ఒకే వస్తువని చెప్పేవాళ్లు లేకపోయారు.

మందు తెలిసిందన్న సంబరంలో నేను చేసిన నిర్వాకం వినండి. కొంచెం పోస్తే మంచిదైతే ఎక్కువ పోస్తే ఇంకా మంచిది కదా అనుకుని, మునెమ్మ ఇచ్చిన దాంట్లో ముప్పాతిక వంతు నానబెట్టి, తేట దాకా ఆగకుండా పాలలాంటి సున్నం నీళ్లే బానలో కుమ్మరించాను. సాయంత్రానికి అడుగున తెల్లగా దిగి, పైన నీళ్లు అద్దంలా ఉన్నాయి. మర్నాడు ఆ నీళ్లతో పప్పు పెట్టాం. అవ్వ పసుపు వేసింది. వేసీ వేయగానే కుండలో పప్పంతా ఎర్రగా, కుంకుమ కలిపినట్టు మారిపోయింది. అవ్వ గరిటె వదిలేసి గుండెలు బాదుకుంది. నెత్తురు, ఇంటికి ఏదో కీడు మూడిందని కేకలు. కుండ తీసుకుపోయి అరటి పాదులో గుమ్మరించింది. నాయన అన్నానికొచ్చి, జరిగింది విని, ఇక ఈ సున్నం గొడవ మా ఇంట్లో వినపడగూడదన్నాడు. నా వైపు చూడకుండా, "రేపు పొద్దున్నే చెలమకు పో" అని మాత్రం అన్నాడు. ఆ మాటతో నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మాట్లాడింది అమ్మ. మంచం పట్టినప్పటి నుంచీ ఇంట్లో ఏ సంగతిలోనూ నోరు విప్పలేదు, పనికిరాకుండా పోయానని కుమిలిపోతూ ఉండేది. "దిష్టి తీసేదానికి ఎర్రనీళ్లు ఎట్టా చేస్తామత్తా? పసుపూ సున్నమూ కలపమా? నీళ్లలో సున్నం మిగిలింది. అంతే గదా" అంది. అవ్వ అరటి పాదులోని ఎర్రటి పప్పు వైపు మళ్లీ చూసింది. పెళ్లికో పురిటికో ఎన్ని వందల సార్లు ఎర్రనీళ్లు కలిపి ఉంటుందో ఆవిడ. పళ్లెంలో ఉంటే శుభం, పప్పులో వచ్చేసరికి నెత్తురైపోయింది. నాకూ ఆ ముక్క తట్టలేదు, సమీకరణం రాసిన దాన్ని.

ఆ మధ్యాహ్నమే, నాయన పొలానికి పోయాక, అమ్మ నా చేత నాలుగు ముంతలు తెప్పించి మంచం పక్కన పెట్టించుకుంది. మిగిలిన సున్నంలో నీళ్లు పోసి, కలిపి, అడుక్కి దిగాక పైన నిలిచిన తేట మాత్రమే వంచమంది. ఒక్కో ముంతలో బోరింగు నీళ్లు సమానంగా పోసి, తేట మాత్రం ఒకదాంట్లో తక్కువ, ఒకదాంట్లో ఎక్కువ పోయించింది. దిగిన తర్వాత గరిటెడు నీళ్లు తీసి, చిటికెడు పసుపు వేసి చూసేది. ఎర్రబడితే తేట ఎక్కువైనట్టు. దాంట్లో కాసిని పచ్చి బోరింగు నీళ్లు పోస్తే ఎరుపు మెల్లగా విరిగి పసుపు తేలేది. అట్లా మూడు రోజులు. ఏది ఎంత పోసిందీ నేను పుస్తకం అట్ట మీద రాస్తుండేదాన్ని. నడుం నొప్పికి పళ్లు బిగబట్టుకుంటూనే అమ్మ కళ్లు మెరుస్తుండేవి. పొద్దున చెలమకు పోయి వచ్చి, మిగతా రోజంతా నేనా మంచం పక్కనే. చివరికి లెక్క తేలింది. అయిదు చెంబుల బోరింగు నీళ్లకు ఒక చెంబు తేట. పొద్దున కలిపితే మాపటికి సిద్ధం. వంచే ముందు పసుపు పరీక్ష. అమ్మ జీవితాంతం ఆ లెక్క తప్పలేదు, మా వీధిలో బోరింగు వేసుకున్న ప్రతి ఇంటికీ తనే పోయి చెప్పింది. నడుముకు గుడ్డ బిగించుకుని, మెల్లగా నడుచుకుంటూ.

ఇప్పుడు మా ఊరి చుట్టూ రొయ్యల గుంటలు. తమ్ముడికీ రెండున్నాయి. గుంటలో నీళ్ల హార్డ్‌నెస్సు ఎంత, ఉప్పు ఎంత అని పొద్దున లేస్తే ఫోనులో అదే మాట. కొన్ని వైపుల బోర్లలో ఇప్పుడు నిజంగానే ఉప్పు దిగింది. ఆ నీళ్లకు మా అమ్మ తేటా పనిచెయ్యదు, సౌజన్య యంత్రమూ పనిచెయ్యదు. తాగడానికి క్యాన్లు కొనుక్కుంటున్నారు. ఆ చెలమలున్న దిబ్బలు కూడా చదునైపోయాయి. ఇదంతా చూస్తే దిగులే. కానీ మేడ మీద సౌజన్య యంత్రం పెట్టించే ముందే మూడు చోట్ల నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పంపిందట. ఏ నీళ్లలో ఏముందో కాగితం తెచ్చి నాకు చూపించింది. నోటి అలవాటుగా ఉప్పునీళ్లంటుందే గానీ, అది సున్నమని తేల్చిన కాగితం దాని దగ్గరుంది. చంకలో బిందె పెట్టుకున్న ఆడపిల్ల ఆ ఊళ్లో నాకు ఒక్కతీ కనపడలేదు. మాకంటే వీళ్లు మేలు. ఈ మాట అసూయ లేకుండా అంటున్నాను, ఉన్నా కొంచెమే.

లెక్క తేలిన మర్నాడు పప్పు పెట్టింది అవ్వే. ఆవిడకు ఇంకా నమ్మకం లేదు. పసుపు వేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. పప్పు పచ్చగానే ఉంది. కాసేపటికి గుత్తి పెడితే వెన్నలా నలిగింది. అవ్వ గుత్తి నా చేతికిచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది. నాయన పొలం నుంచొచ్చి పీట మీద కూర్చున్నాడు. అన్నంలో పప్పు కలిపి ఒక ముద్ద తిన్నాడు, రెండో ముద్ద తిన్నాడు. మారు వడ్డించమని కంచం ముందుకు జరిపాడు. చెయ్యి కడుక్కున్నాక అమ్మ మంచం పట్టె మీద కాసేపు కూర్చుని, నన్ను పిలిచి కాగితం, కలం తెమ్మన్నాడు. నాయనకు సంతకం తప్ప రాయడం రాదు. ఇన్నాళ్లు బడి మానినందుకు హెడ్‌మాస్టరు గారికి ఉత్తరం ఇవ్వాలి కదా, రాయమన్నాడు. అయ్యా, మా అమ్మాయి సుశీల రేపటి నుంచి బడికి వచ్చును, పరీక్ష ఫీజు కూడా కట్టెదను, అని తను చెప్తుంటే నేను రాశాను. ఇన్నాళ్లు రానందుకు, ఇప్పుడు వస్తున్నందుకు కారణం రాయాలి నాయనా అన్నాను. నాయన పొయ్యి మీది పప్పు కుండ వైపు చూశాడు.

"పప్పు ఉడికిందని రాయి."

ఎగతాళి చేస్తున్నాడేమోనని తలెత్తి చూశాను. నాయన కళ్లలో నీళ్లున్నాయి. నేను అట్లాగే రాశాను, ఆయన కింద సంతకం పెట్టాడు. మర్నాడు హెడ్‌మాస్టరు గారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, నా మొహంకేసి ఒకసారి చూసి, రిజిస్టరులో నా పేరు ఎదురుగా టిక్కు పెట్టి, పోయి కూర్చోమన్నారు.